వాట్లతో దుమ్ము పోదు

వాక్యూమ్ క్లీనర్ కొందామనుకుంటున్నానని ఎవరి చెవినైనా వేసి చూడండి. శాలిబండలో కిరాణా కొట్టు ముందు కూచునే పెద్దాయన మొదలు గచ్చిబౌలిలో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయిన మేనబావ వరకు అందరిదీ ఒకటే సలహా: "ఎక్కువ వాట్లున్నది చూసి తీసుకో." కాస్త ఇంటర్నెట్ తిరగేసినవాళ్ళు ఇప్పుడు వాట్లు వదిలి పాస్కల్స్ పట్టుకున్నారు. అంకె మారింది, ఆలోచన మారలేదు. కోఠిలో దుకాణం కుర్రాడైతే పెట్టె మీది అంకెను వేలితో టకటకా కొట్టి మరీ చెప్తాడు: "రెండు వేల వాట్లమ్మా! పరుపులో ఉన్నదంతా గుంజేస్తది." ఎంత గుంజితే అంత మంచి మిషన్ అన్నది ఊరంతా ఒప్పేసుకున్న సూత్రమైపోయింది.

ఈ సూత్రం తప్పు. హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపురా, లాల్‌దర్వాజా, అలియాబాద్, హుస్సేనీ ఆలం వైపు ఇళ్ళకైతే మరీ తప్పు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌కు మొదటి పరీక్ష, లాగిన దుమ్మును మళ్ళీ గదిలోకి వదలకుండా పట్టి ఉంచుతుందా అన్నది. రెండో పరీక్ష, మూడేళ్ళ తర్వాత దాని సంచి, పైపు, మోటారులోని కార్బన్ బ్రష్షు దొరుకుతాయా అన్నది. మోటారు బలం వీటి తర్వాతే, అదీ చాలా దూరంలో.

ముందు వాట్ల సంగతి తేల్చుకుందాం. పెట్టె మీద రాసిన 1600 వాట్లు, మోటారు మీ గోడలోంచి తీసుకునే కరెంటు. అది మీ ఖర్చు. నేల మీద పని ఎంత జరుగుతుందో ఆ అంకె చెప్పదు. తీసుకున్న కరెంటులో పెద్ద భాగం వేడిగా, రొదగా పోతుంది, మిగిలినదే గాలిని కదుపుతుంది. రెండు మిషన్లు ఒకే లెక్కన కరెంటు తాగుతూ ఒకటి రెండోదానికన్నా శుభ్రంగా ఊడవచ్చు. ఆ తేడా ఫ్యాను రెక్కల తీరులో, పైపు వెడల్పులో, నేలకు ఆనే మూతి తయారీలో, అతుకుల దగ్గరి రబ్బరులో ఉంటుంది. వీటిలో ఒక్కటీ పెట్టె మీద అచ్చేయరు.

మన వైపు ఇళ్ళల్లో ఈ అంకెకు ఇంకో అర్థం కూడా ఉంది. 230 వోల్టుల దగ్గర 1600 వాట్లంటే దాదాపు 7 ఆంపియర్లు. గదుల్లో ఉండే మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉంటే గింటే గీజరు దగ్గర ఒకటి, ఫ్రిజ్ వెనకాల ఒకటి ఉంటుంది. అందుకని ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికొస్తుంది. టీవీ, సెల్ చార్జరు, కూలరు అప్పటికే అందులో ఉంటాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయినప్పుడు అధికారులు మొదట అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే. ఆ ప్రమాదానికీ వాక్యూమ్ క్లీనర్‌కూ ఏ సంబంధమూ లేదు. అయితే మన గల్లీల్లో వైరింగు ఎంత పాతదో తెలిసి ఉండి కూడా, దాని మీద ఇంకో ఏడు ఆంపియర్లు మోపే వస్తువును "పవర్‌ఫుల్" అని మెచ్చుకుని కొనడం ఏం తెలివి? వెయ్యి వాట్ల మిషన్ 4.3 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. చిన్న సాకెట్టులోనే నిబ్బరంగా నడుస్తుంది.

"వెయ్యి వాట్లతో ఏం ఊడుస్తుందండీ?" అని నవ్వేవాళ్ళు యూరప్ వైపు చూడాలి. యూరోపియన్ యూనియన్‌లో 2014 సెప్టెంబర్ 1 నుంచి 1600 వాట్లు దాటిన ఇంటి వాక్యూమ్ క్లీనర్లను కొత్తగా మార్కెట్లోకి తేకూడదన్నారు. 2017 సెప్టెంబర్ 1 నుంచి ఆ హద్దును 900 వాట్లకు దించేశారు. ఆ నిబంధనల్లోనే ఇంకేం రాశారో చూడండి. పరీక్షలో గట్టి నేల మీది దుమ్ము కనీసం 98 శాతం ఎత్తాలి, తివాచీ మీదిది 75 శాతం ఎత్తాలి. వెనక నుంచి తిరిగి వదిలే దుమ్ము 1 శాతం మించకూడదు. రొద 80 డెసిబెల్స్ దాటకూడదు. పైపు 40,000 సార్లు వంగినా పనికి రావాలి. మోటారు కనీసం 500 గంటలు నడవాలి. వాట్లకేమో ఇంతకు మించొద్దని పైన గీత గీశారు, పైపుకూ మోటారుకూ దుమ్మెత్తడానికీ ఇంతకు తగ్గొద్దని కింద గీత గీశారు. మన దుకాణాల్లో సరిగ్గా తలకిందులు. వాట్లు ఎంత పెరిగితే అంత గొప్ప, పైపు ఎన్నిసార్లు వంగుతుందో అడిగిన నాథుడు లేడు.

ఎదుటి పక్షం దగ్గర దీనికొక గట్టి జవాబుంది, దాన్ని దాచను. 2014లో ఆ నిబంధన రాబోతోందనగానే బ్రిటన్‌లో పెద్ద మోటారు మిషన్ల కోసం జనం ఎగబడ్డారు. వాళ్ళను ఎగదోసింది కంపెనీలు మాత్రమే కాదు. అక్కడి వినియోగదారుల సంస్థ 'విచ్' తాను అంతకు కొద్ది కాలం ముందు మేలైనవిగా ఎంపిక చేసిన ఏడింటిలో ఐదు 1600 వాట్లు దాటినవేనని హెచ్చరించింది. నిజమే. కానీ దాన్నిబట్టి తెలిసేదేమిటి? ఆనాటి మంచి కంపెనీలు పెద్ద మోటార్లు పెట్టేవని, అంతే. ఆ హద్దు 900కు దిగాక ఏ ఇల్లూ దుమ్ముకొట్టుకుపోలేదు. అదే 98 శాతం పరీక్షను దాదాపు సగం కరెంటుతో దాటాల్సి వచ్చేసరికి కంపెనీలు మూతినీ అతుకులనూ ఫ్యానునూ బాగుచేసుకున్నాయి. ఏ చట్టమూ మెడ వంచని చోట పెద్ద మోటారు పెట్టేసి ఊరుకోవడం చవకైన పని. ఇక్కడ మనకు అమ్ముతున్నది ఆ చవక పనినే.

ఆ కథలో ఇంకో మలుపు కూడా ఉంది. వాట్ల హద్దుతో పాటు మిషన్ల మీద అతికించమన్న ఎనర్జీ లేబుల్‌ను డైసన్ కంపెనీ కోర్టుకు లాగింది. 2018 నవంబర్ 8న యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధనను కొట్టేసింది. దుమ్ము సంచి ఖాళీగా ఉన్నప్పుడు పరీక్షించి మార్కులు వేశారు, ఇళ్ళల్లో ఎవరూ ఖాళీ సంచితో ఊడవరు కదా అన్నదే అసలు తగవు. పెట్టె మీది అంకెలన్నిటికీ ఈ తీర్పు వర్తిస్తుందని నా అభిప్రాయం. దుకాణంలో కొత్త మిషన్ గుంజే గుంజుడు వేరు, సగం నిండిన సంచితో, మూసుకుపోయిన ఫిల్టరుతో ఆరో నెలలో మీ ఇంట్లో గుంజేది వేరు.

ఇక పాస్కల్స్. రోబో మిషన్ల పెట్టెల మీద ఎనిమిది వేలు, పది వేలు, ఇరవై వేలు అని ఏటేటా పెరిగే అంకె ఇదే. పాస్కల్ ఒత్తిడికి కొలత. ఆ అంకె రావాలంటే మిషన్ నోరు పూర్తిగా మూసి, లోపల ఒత్తిడి ఎంత పడిపోయిందో కొలుస్తారు. అంటే గాలి బొత్తిగా లోపలికి పోనప్పటి లెక్క అది. గాలి పోకపోతే దుమ్మెలా పోతుంది? దుమ్మును మోసుకెళ్ళేది గాలి ప్రవాహమే. ఒత్తిడినీ ప్రవాహాన్నీ గుణిస్తే వచ్చేదాన్ని ఎయిర్ వాట్స్ అంటారు. నోరు మూసినప్పుడు ప్రవాహం సున్నా, సున్నాతో ఎంత పెద్ద అంకెను గుణించినా సున్నాయే. నడుస్తున్న మిషన్ పైపుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి, మోటారు కూత హెచ్చుతుంది. అబ్బో ఎంత బలం అనిపిస్తుంది. నిజానికి కదపడానికి గాలి దొరక్క మోటారు ఉత్తినే వేగంగా తిరుగుతోంది. చాలా మోడళ్ళలో మోటారును చల్లార్చేది కూడా ఆ గాలే, చెయ్యి తియ్యకపోతే అది వేడెక్కుతుంది. ఇనుప గుండును పైపుతో పైకెత్తి చప్పట్లు కొట్టించుకునే వీడియోల్లో కనిపించేదంతా ఈ మూసిన నోటి బలమే. మనం ఇంట్లో ఇనుప గుండ్లు ఊడవం.

మనం ఊడిచేవేమిటో చూద్దాం. పాతబస్తీలో సగం బతుకు నేల మీదే. షాబాద్ బండల మీద జంపకాన, దాని మీద తెల్ల చాందినీ, గోడ వారగా దూది పరుపు, దిండ్లు. భోజనం వేళకు దస్తర్‌ఖాన్. ఎక్కువ బలమున్న మిషన్ మూతిని జంపకాన మీద పెడితే ఏమవుతుంది? దుమ్ము కన్నా ముందు జంపకానే లేచి మూతికి కరుచుకుంటుంది. ఒక కాలితో బట్టను తొక్కిపట్టి, రెండు చేతులతో పైపు పీకాల్సి వస్తుంది. ఈ బాధ కంపెనీలకు తెలియక కాదు. పిడి దగ్గర జారే చిన్న ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది, గమనించే ఉంటారు. దాన్ని తెరిస్తే పక్క నుంచి గాలి చొరబడి లాగుడు తగ్గుతుంది. పరుపులకూ పరదాలకూ ఆ మూత తెరుచుకోమని వాళ్ళ పుస్తకంలోనే రాస్తారు. రెండు వేల వాట్లకు డబ్బు పోసి కొనుక్కుని, ఇంటికొచ్చి బొక్క తెరిచి సగం బయటికి వదిలేసుకోవడం అన్నమాట. మ్యూజియంలలో పాత బట్టలనూ తివాచీలనూ కాపాడేవాళ్ళు బట్ట మీద సన్నని జాలీ పరిచి, అతి తక్కువ సక్షన్‌తో దుమ్ము తీస్తారు. విలువైన బట్ట దగ్గరికి వచ్చేసరికి తెలిసినవాళ్ళు తక్కువ వైపే పోతారు.

మగ్గం పని చేసే ఇళ్ళల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. చెక్క మగ్గానికి బిగించిన చీర కింద, చుట్టూ, బండల సందుల్లో చమ్కీలు, పూసలు, జరీ తీగ ముక్కలు, అప్పుడప్పుడూ విరిగిన సూది. అవన్నీ డబ్బే, చెత్త కాదు. అలాంటి ఒక ఇంటి ఇల్లాలు చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. పాత పల్చటి చున్నీ ముక్కను పైపు మూతికి చుట్టి రబ్బరు బ్యాండు వేస్తుంది. పైపును బండల సందుల వెంట మెల్లగా నడిపితే పూసలు, చమ్కీలు వచ్చి బట్టకు అంటుకుంటాయి. మూతిని స్టీలు పళ్ళెం మీదికి తెచ్చి స్విచ్ తీసేస్తే చిటపటమని పళ్ళెంలో రాలతాయి. ఆమె దగ్గరున్నది బాగా పాత చిన్న మిషన్. దాని బదులు ఊరంతా మెచ్చుకునే పెద్ద మోటారుంటే చున్నీ ముక్కతో సహా పూసలన్నీ గొట్టంలోకి పోయేవి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. లాగిన దుమ్ము ఎక్కడికి పోతుంది?

ఇంటి వాక్యూమ్ క్లీనర్ పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును ఊదే యంత్రమొకటి చూసి, ఊదడం దేనికి, పీల్చకూడదా అనుకున్నాడు. కుర్చీ గద్దె మీద చేతిరుమాలు పరిచి నోటితో గాలి పీల్చి చూశాడు, రుమాలు అడుగున మురికి మచ్చ పడింది. ఆయన తయారుచేసిన యంత్రం గుర్రబ్బండి అంత ఉండేది. దాన్ని వీధిలో నిలబెట్టి పొడుగాటి గొట్టాలు కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. అంటే మోటారు రొద, వదిలిన గాలి అన్నీ ఇంటి బయటే. ఇంట్లో నిలబెట్టే మిషన్ సంగతి వేరు, అది ఏ గదిలో పీలుస్తుందో ఆ గదిలోనే వదలాలి. ఆ చిక్కు విప్పింది అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊరి దుకాణంలో ఊడిచే పని చేసిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. చీపురు లేపే దుమ్ము పడక, ఒక ఫ్యాను, ఒక సబ్బు పెట్టె, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఒక మిషన్ కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది, తర్వాత దాన్ని హూవర్ కుటుంబం కొనుక్కుంది. ఆ సామాన్లలో మనిషిని బతికించింది దిండు గలేబు, ఎందుకంటే దుమ్మును ఆపింది అదే. నూరేళ్ళు దాటాక మనం ఫ్యాను చుట్టూ డప్పు కొడుతూ గలేబును మరిచిపోయాం.

మన దుమ్ము మామూలు దుమ్ము కాదు. డంగుసున్నం గోడలు ఏళ్ళ తరబడి పొడి రాలుస్తూనే ఉంటాయి. గల్లీలో ఆటోల పొగ, పక్కింట్లో కట్టుబడి ఇసుక, దూది పరుపు నూగు. దీనికి తోడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం 2025లో దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్ దారిలో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టారు. కూల్చిన పాత గోడల సున్నం, సిమెంటు కిటికీ తెరిస్తే చాలు లోపలికొస్తాయి. కంటికి కనిపించే ఇసుకను పొరకైనా ఎత్తుతుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా దిగేది కంటికి కనిపించని సన్న ధూళి. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లయితే ఇది రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా తక్కువ. పలచటి గుడ్డ సంచి ఉన్న రెండు వేల వాట్ల మిషన్‌తో ఈ ధూళిని లాగితే ఏం జరుగుతుంది? ముందు నుంచి పోయి, సంచి నేతలోంచి దూరి, వెనక జాలీలోంచి జోరుగా గది నిండా చిమ్ముకుంటుంది. మోటారు ఎంత పెద్దదైతే అంత దూరం చిమ్ముతుంది. నేల మీద పడుకుని ఉన్న ధూళిని లేపి, ముక్కు ఎత్తుకు పంపి, "ఇల్లు అద్దంలా అయింది" అని మురిసిపోతాం. మిషన్ ఆపాక కాసేపటికి గదిలో మట్టి వాసన వస్తోందంటే అర్థం అదే.

హెపా ఫిల్టరు ఉంటే చాలని ఇక్కడ కొందరు అంటారు. చాలదు. నిజమైన హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పడుతుంది. "హెపా టైపు", "హెపా లాంటిది" అని రాసిన వాటికి ఆ హామీ ఏమీ లేదు. నిజమైన హెపాయే పెట్టినా, మూత అతుకు దగ్గర రబ్బరు సరిగ్గా లేకపోతే గాలి ఫిల్టరు గుండా ఎందుకు పోతుంది? సందు దొరికిన చోటి నుంచే పోతుంది. అందుకే ఫిల్టరు పేరు చదవడం కన్నా మిషన్ మొత్తం బిగుతుగా మూసుకుంటుందా అన్నది చూడాలి. మార్గం తేలిక. ఒక చెంచా టాల్కం పౌడరు పీల్పించి, లైట్లు ఆర్పి, వెనక జాలీ దగ్గర, మూత అంచుల దగ్గర సెల్‌ఫోన్ టార్చి వెలుగు అడ్డంగా వేయండి. వెలుగులో పొగలా తిరుగుతూ కనిపించిందా, దాన్ని అక్కడే వదిలేయండి.

ఆ తర్వాతది ఇంకా ఎవరికీ పట్టని విషయం: నిండిన దుమ్మును ఎవరు పారబోస్తారు? సంచి లేని, పారదర్శకమైన డబ్బా ఉన్న మిషన్లంటే ఇప్పుడు మహా మోజు. సంచుల ఖర్చు లేదు, దుమ్ము కళ్ళకు కనిపిస్తుంది, లాగుడు తగ్గదు అంటారు. కనిపించడం నిజమే. ఆ డబ్బాను చెత్తబుట్టలో తలకిందులు చేసినప్పుడు అందులోని సన్న ధూళి ముఖం మీదికి లేవడమూ నిజమే. గుడ్డ సంచిని మేడ మీదికి తీసుకెళ్ళి పిట్టగోడకేసి దులిపినా అంతే. ఆ ముఖం ఇంట్లో ఆడమనిషిదో, పనిమనిషిదో అవుతుంది గానీ మిషన్ ఏది కొనాలో తేల్చిన మగమహారాజుది కాదు. నోరు మూసి అలాగే పారేయగలిగే, పొరలు పొరలుగా ఉన్న సంచి ఉంటే ఈ గొడవ లేదు. సంచులకు డబ్బవుతుంది, ఒప్పుకుంటాను. అయినా ఇంట్లో ఉబ్బసం ఉన్న ముసలివాళ్ళో పిల్లలో ఉంటే అక్కడ పిసినారితనం పనికిరాదు.

ఉబ్బసం మాట వచ్చింది కనుక, ఈ భయాన్ని అమ్ముకునే డెమోల గురించి కూడా చెప్పాలి. మన దేశంలో ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మడం 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్‌తో ఊపందుకుంది. మధ్యతరగతి ఇళ్ళకు ఈ వస్తువును పరిచయం చేసింది ఆ టై కట్టుకున్న సేల్స్‌మెన్లే. ఆ బాటలో నడిచినవాళ్ళు ఇప్పుడు ఏ కంపెనీ తరఫున వచ్చినా చేసే పని ఒకటి ఉంది. పైపులో నల్లగుడ్డ ముక్క పెట్టి, పరుపు మీద నాలుగుసార్లు గీసి, గుడ్డ మీద తెల్లటి పొడి చూపించి, "చూశారా మేడం, మీ పిల్లలు దీని మీదే పడుకుంటున్నారు" అంటారు. ఇల్లాలి గుండె గుభేల్‌మంటుంది. అదే పరుపును అదే మిషన్‌తో ఇంకోసారి గీయమనండి, మళ్ళీ పొడి వస్తుంది. పదోసారీ వస్తుంది. దూది పరుపు తనంతట తానే నూగు రాలుస్తుంది, అందులో మన ఒంటి మీది చర్మపు పొట్టూ చేరుతుంది. ఆ గుడ్డ రుజువు చేసింది పరుపులో దుమ్ముందని మాత్రమే, ఈ మిషన్ మంచిదని కాదు. ఇక పరుపుల్లోని సూక్ష్మ పురుగుల్ని తగ్గించే పద్ధతులు ఉబ్బసానికి పనికొస్తాయా అని 2008లో కోక్రేన్ సంస్థ వైద్య సమీక్ష 54 ప్రయోగాలను జల్లెడ పట్టింది. ఉబ్బసం తగ్గడానికి ఈ పద్ధతులను సిఫారసు చేయలేమని తేల్చింది. వాక్యూమ్ క్లీనర్ ఇంటిని శుభ్రంగా ఉంచుతుంది, వైద్యం చేయదు. పరుపును మేడ మీద ఎండకు వేయడం, రెండేళ్ళకోసారి దూదేకులవాళ్ళతో ఏకించడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం మానేసి మిషన్ మీద భారం వేసేవాళ్ళకు నల్లగుడ్డే మిగులుతుంది.

కార్డ్‌లెస్ కర్ర మిషన్లు, రోబోల గురించి ఎక్కువ చెప్పను. కార్డ్‌లెస్ చేతికి తేలిక, మెట్ల మీద సుఖం. కానీ దాని పెట్టె మీద గొప్పగా రాసిన బలం వచ్చేది గరిష్ఠ మోడ్‌లో, ఆ మోడ్‌లో చాలా వాటికి పది నిమిషాల్లో ఊపిరి పోతుంది. బ్యాటరీ ఏటేటా తగ్గుతుంది, మే నెల ఎండకు ఇంకా తొందరగా తగ్గుతుంది, మార్చాలంటే వేలల్లో మాట. రోబో విషయానికొస్తే, ఇరవై వేల పాస్కల్స్ ఉన్నా అది మన గడప దాటలేదు. పసుపు రాసిన గడప ముందు ఆగి, వెనక్కి తిరిగి, జంపకాన కుచ్చులు చక్రానికి చుట్టుకుని అరుస్తుంది. గదికో ఎత్తు, ఎత్తుకో మెట్టు ఉన్న ఇంట్లో దానికి పనేముంది?

"ఇదంతా ఎందుకు, పొరక చాలదా?" అనేవాళ్ళతో నాకు సగం పేచీయే. వాకిలి ఊకడానికి, ఆంగన్‌లో రాలిన వేపాకు ఎత్తడానికి బేగంబజార్ పొరకను మించింది లేదు. గదుల్లో మాత్రం పొరక సన్న ధూళిని ఈ మూల నుంచి లేపి ఆ మూలన దించుతుంది. తడిగుడ్డ ఆ ధూళిని పడుతుంది గానీ జంపకాన మీదికి రాదు, బీరువా మీద పుస్తకాల్లోకీ పోదు. మిషన్ అవసరం ఆ జాగాల్లోనే.

నీళ్ళు కూడా పీల్చే డ్రమ్ము మిషన్ల గురించి ఒక మాట. 2020 అక్టోబర్ వానలకు హఫీజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళూ బురదా వచ్చినప్పుడు ఎవరికైనా పనికొచ్చేది అలాంటిదే. పల్లపు గల్లీలో ఇల్లుంటే అదే కొనండి. నిలిచిన నీళ్ళలో కరెంటు ఉన్నదేమో చూసుకోకుండా ప్లగ్గు పెట్టొద్దు. ఉండి ఉండి సున్నం పొడి ఊడ్చేటప్పుడు దానికి సంచి తప్పక తొడగండి, ఉత్త డ్రమ్ముతో నడిపితే వెనక నుంచి తెల్ల మబ్బు లేస్తుంది.

ఇక కొనడానికి బయల్దేరితే, దుకాణంలోకి వెళ్ళగానే పెట్టెను అటు తిప్పించండి, అంకె గోడకేసి ఉండాలి. మిషన్ బయటికి తీయించి పైపును రెండు చేతులా మెలిపెట్టి చూడండి. మూత తీసి రబ్బరు అంచు తడమండి. తీగ ఎంత పొడుగో చూడండి, మీ సాకెట్టు నుంచి గది చివరికి అందకపోతే మళ్ళీ ఎక్స్‌టెన్షన్ బాక్సే గతి. వెయ్యి, పన్నెండొందల వాట్లలో దొరికితే అంతకు మించిన వాట్ల మాట వినొద్దు. కార్బన్ బ్రష్షులు, మోటారు విడిగా దొరుకుతాయా అని కోఠి గుజరాతీ గల్లీలో, ట్రూప్ బజార్‌లో ముందే వాకబు చేసుకోండి, ఈ రిపేర్లు చేసేవాళ్ళు ఏ మోడల్ తెస్తే మొహం చిట్లిస్తారో వాళ్ళే చెప్తారు. చివరగా ఆ మోడల్ సంచుల ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెట్టమనండి. "సంచులు ఇప్పుడు రావట్లేదమ్మా, ఆర్డరు పెట్టాలి" అన్నాడా, దానికి ఎన్ని వేల వాట్లున్నా సరే, డబ్బు పర్సులోనే ఉంచుకుని మెట్లు దిగండి.